తీరిక ఎవరిది? నైరూప్య చిత్రం, కులం, పటాన్‌చెరు

నైరూప్య చిత్రానికి కులం ఉండదని మన దేశంలో చిత్రకళ గురించి రాసేవాళ్ళు చాలామంది నమ్ముతారు. మనిషి బొమ్మ గీస్తే ఆ మనిషి ఒంటి మీద గోచి ఉందా జంధ్యం ఉందా అని తెలిసిపోతుంది. ఒట్టి రంగు, ఒట్టి గీత, ఒట్టి గరుకు ఉన్నచోట ఆ పంచాయితీయే లేదని వాళ్ళ వాదన. మన ఉద్యమంలో దీనికి ఎదురు నమ్మకం ఒకటి ఉంది. మనిషి కనపడని బొమ్మ మనది కాదు, అది కడుపు నిండినోళ్ళ ఆట అని. ఈ రెండూ ఎదురుబొదురుగా నిలబడి కొట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి గాని, చివరికి తేల్చేది ఒకటే: నైరూప్యం దళితుని పని కాదు. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో కొద్దిమంది మనవాళ్ళు డ్యూటీలు పోను మిగిలిన గంటల్లో వేస్తున్న బొమ్మలను కొంతకాలంగా చూస్తున్నాను. వాటిని చూశాక ఈ రెండు మాటల్లో ఏదీ నాకు మింగుడుపడడం లేదు.

ముందు ఈ జాగ గురించి చెప్పాలి. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. దాటినంక పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, అటు బొల్లారం, కాజీపల్లి, ఇటు సంగారెడ్డి మీదుగా సదాశివపేట దాకా ఎటు చూసినా కంపెనీలే. మందులు, రంగులు, రసాయనాలు, టైర్లు. ఏషియన్ పెయింట్స్ పటాన్‌చెరులో 1985లో కర్మాగారం పెట్టింది. అంటే ఎక్కడెక్కడి ఇండ్ల గోడలకో ఎక్కే రంగు తయారయ్యే చోటు ఇది. ఇక్కడ రంగు అంటే డ్రమ్ము, పంపు, వాసన, గోర్ల సందుల్లో పోని మరక. నక్కవాగు ఎన్నో ఏండ్లు కంపెనీల నీళ్ళు మోసి మంజీరలో కలిపింది. ఆ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పడ్డ కేసు హైకోర్టు, జాతీయ హరిత ట్రిబ్యునల్ మీదుగా 2017 దాకా నడిచింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అచ్చువేసిన పరిశీలనలో, పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. వాగు ఒడ్డున భూములున్నవాళ్ళు పంట నష్టం లెక్క చెప్పుకోగలిగారు. భూమి లేక ఆ పొలాల్లో కైకిలికి పోయినోళ్ళ నష్టం ఏ లెక్కలో రాయాలి? ఈ ప్రాంతంలో రంగు గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతిని పక్కన పెట్టి మాట్లాడలేరు.

ఇక బొమ్మలు వేసేవాళ్ళు. ఒకాయన మందుల కంపెనీలో ఆపరేటరు. ఒకామె సర్కారు బడిలో టీచరు. ఇంకొకాయన ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయినంక అపార్టుమెంట్లకు పుట్టీ పట్టే పనిలో పడ్డాడు. పేర్లు రాయను, నౌకర్లు చేసుకుని బతికేవాళ్ళు. మీరు చిత్రకారులా అని అడిగితే ముగ్గురిదీ ఒకటే జవాబు: “కాదన్నా, ఉత్త హాబీ.”

ఈ హాబీ అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. మన ఇండ్లల్లో దీనికి సొంత మాట లేదు. పని ఉంది, పండుగ ఉంది, మొక్కు ఉంది. ఎవరూ చెప్పకుండా, కూలి అడగకుండా, దేవునికి బాకీ లేకుండా మనిషి తన కోసం చేసుకునే పనికి పేరు పెట్టుకునేంత పొద్దు మన తాతలకు దొరకలేదు. వెట్టి నడిచిన ఊర్లల్లో మాదిగోని పొద్దు ఎవరి చేతిలో ఉండేదో వేరే చెప్పాల్నా? అంబేద్కర్ 1945లో, కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారో లెక్క తేల్చిన పుస్తకంలో, గాంధీయిజాన్ని విమర్శిస్తూ ఈ తీరిక సంగతినే ముందుకు తెచ్చాడు. యంత్రాన్ని తిట్టి రాట్నాన్ని మెచ్చుకోవడమంటే ఎక్కువమంది మనుషులను పొద్దంతా ఒళ్ళు విరిగే చాకిరీకి కట్టేయడమేనని, మనిషిని పశువు నుంచి వేరు చేసేది సంస్కృతి అయితే దానికి తీరిక కావాలని, ఆ తీరికను ఇవ్వగలిగేది యంత్రమేనని ఆయన వాదన సారం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడుగా ఎనిమిది గంటల పనిదినం కోసం పట్టుబట్టింది కూడా ఆయనే. పెద్ద వయసులో ఆయన వయొలిన్ నేర్చుకున్నాడు, బొమ్మలు వేయడం మీద కూడా ఇష్టం పెంచుకున్నాడు. మన చౌరస్తాల్లో విగ్రహం చేతికి పుస్తకం ఇచ్చాం. వయొలిన్ పట్టుకున్న విగ్రహాన్ని నేనైతే చూడలేదు. పుస్తకం ఉండాల్సిందే, అందులో మాటే లేదు. కాని ఆయన తన కోసం తీసుకున్న ఆ గంటను మనం ఎందుకు దాచిపెట్టాం?

పటాన్‌చెరుకు యంత్రం వచ్చింది, తీరిక రాలేదు. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకు పన్నెండు గంటల డ్యూటీ ఇక్కడ మామూలు ముచ్చట. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు ఉంచింది. గాలి ఎటు వీస్తున్నదో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. కాబట్టి ఒక ఆపరేటరు నైటు డ్యూటీ దిగి, నాలుగు గంటలు పండుకొని లేచి, కిరాయి అర్రలో గోడకు ఒక చెక్క ఆనించి దాని మీద పుట్టీ పూస్తున్నాడంటే, ఆ బొమ్మ ఎట్లుందో చూడకముందే అక్కడ ఒక రాజకీయం ఉంది. ఎవరికీ అమ్మని రెండు గంటలను ఆయన దక్కించుకున్నాడు. కొల్లూరు, తెల్లాపూర్ దిక్కు గేటు కాలనీల్లో కూడా శని, ఆదివారాల్లో కాన్వాసు మీద పేస్టు పూసి రంగులు పోసే హాబీ ఉంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ రెండు గంటల వెనక బాసన్లు తోమే ఒక మనిషి ఉంటుంది, ఆమె మన వాడ నుంచే పోతుంది. రెండు చోట్లా మాట ఒకటే, దాని వెనక లెక్క వేరు.

బొమ్మల్లోకి వస్తాను. పుట్టీ పనాయన బొమ్మతో మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే నేను చూసినవాటిలో అదే గట్టిది. ప్లైవుడ్ చెక్క మీద బూడిదరంగు పుట్టీ, దాని మీద ఇంకొంచెం ముదురు బూడిద. వేరే రంగు లేదు. బ్లేడు పట్టి కింది నుంచి పైకి ఈడ్చిన ఊపులు, ఒక్కో ఊపు ఆగినచోట గట్టులాగా లేచిన అంచు. ఒక మూల రెండు వేళ్ళ గుర్తులు అట్లే ఉన్నాయి. చూడగానే ఏమీ లేనట్టుంటుంది. ఆయన బతుకుదెరువు ఏందో తెలిసినంక మళ్ళీ చూడాలి. పుట్టీ పనిలో మంచి పనోడంటే గోడ మీద తన చెయ్యి కనపడనీయనోడు. బ్లేడు గీత ఒక్కటి కనపడ్డా మేస్త్రి సాండు పేపరు పట్టి మళ్ళీ రుద్దమంటాడు. ఇరవై అంతస్తుల గోడల మీద నుంచి తన చెయ్యిని తానే చెరిపేసుకోవడానికి ఆయనకు కూలి ఇస్తారు. సొంత చెక్క మీద మాత్రం ఆయన ఒక్క గీతనూ రుద్దలేదు. ఈ బొమ్మలో ‘దళితుడు ఏడి’ అని వెతికేవాళ్ళు ఆ అంచును వేలితో తడిమి చూడాలి.

ఇక్కడ జాక్ విట్టెన్ గుర్తుకొస్తాడు. 1939లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బెస్సెమర్ అనే ఉక్కు కర్మాగారాల ఊర్లో, నల్లవాళ్ళను వేరుపెట్టిన కాలంలో పుట్టిన చిత్రకారుడు. 1970ల్లో కాన్వాసును నేల మీద పరిచి, పొరలు పొరలుగా రంగు పోసి, తానే చేసుకున్న పెద్ద పనిముట్టుతో ఒక్క ఈడ్పులో ఈడ్చేవాడు. నల్లవాళ్ళ పోరాటం నడుస్తుంటే నువ్వు మనిషి బొమ్మ ఎందుకు వేయవన్న ప్రశ్న ఆ తరం నల్లజాతి నైరూప్య చిత్రకారులందరికీ ఎదురైంది. ఆల్మా థామస్ వాషింగ్టన్‌లో ముప్ఫై అయిదేండ్లు బడిలో బొమ్మలు నేర్పి, 1960లో రిటైరయినంకనే పూర్తిగా రంగుల మీద కూర్చుంది. 1972లో, ఎనభై ఏండ్ల వయసులో, న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఆమె బొమ్మలు పెట్టారు. అక్కడ ఒంటరి ప్రదర్శన దొరికిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. మన టీచరమ్మకు ఈ సంగతి చెప్తే, “రిటైరయ్యేదాక ఆగాల్నా అన్నా?” అన్నది. జవాబు నా దగ్గర లేదు.

టీచరమ్మ బొమ్మలకు అడుగు గోనెపట్ట. దాని మీద పాత చీరెల ముక్కలు, కొన్ని అంటించినవి, కొన్ని కుట్టినవి, వాటి మీద పలచగా సున్నం. గోనెను గ్యాలరీకి ఎక్కించింది ఇటలీ చిత్రకారుడు ఆల్బెర్తో బుర్రి అని కళ పుస్తకాలు చెప్తాయి. డాక్టరుగా యుద్ధానికి పోయి, అమెరికాలో ఖైదీగా ఉన్నప్పుడు బొమ్మలు మొదలుపెట్టి, 1950ల మొదట్లో చినిగిన గోనెసంచులతో పేరు తెచ్చుకున్నాడు. గొప్పవాడే. అయితే వానలో గోనెసంచిని నెత్తిమీద కొప్పెర లెక్క వేసుకొని నాట్లకు పోయిన ఆడోళ్ళ బిడ్డ గోనె పట్టుకుంటే, ఆ గోనె బుర్రి గోనె కాదు. టీచరమ్మ బొమ్మకు మూలం బొంత. పాత చీరెలు, ధోతులు, లంగాల ముక్కలు పొరలుగా పేర్చి దబ్బునంతో కుట్టే బొంత. చలికి పొరలుంటే చాలు. ఎర్రముక్క పక్కన పచ్చముక్కనే ఎందుకు పెట్టాలె, అంచుకు నల్లపట్టీ ఎందుకు రావాలె? వెచ్చదనానికి అక్కర లేని ఆ ఒక్క నిర్ణయంలోనే మన ఆడవాళ్ళ నైరూప్యం ఉంది. అలబామాలోనే గీస్ బెండ్ అనే చోట బానిసల వారసులైన స్త్రీలు పనిబట్టలు చింపి కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లో, ఆ తర్వాత విట్నీ మ్యూజియంలో వేలాడదీశారు. ఆధునిక చిత్రకళతో సమానమని పత్రికలు పొగిడాయి. 2007లో కుట్టినవాళ్ళలో కొందరు తమకు రావాల్సింది రాలేదని కోర్టుకు పోయారు. ఈ రెండో సంగతిని కూడా కలిపే చెప్పుకోవాలి.

దీన్ని పట్టుకొని మన వృత్తులన్నీ కళలే అని పాడేవాళ్ళ మీద నాకు అనుమానం. లందలో సున్నం పోసి తోలు ఊరేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క రసంలో నానబెట్టి తీస్తే వచ్చే ఆ రంగు, ఆ గరుకు ఏ కాన్వాసుకూ రాదు. నిజమే. కాని లంద దగ్గర నిలబడినోనికి నిలబడకుండా ఉండే హక్కు లేదు. ఊరు ఆ వాసనను మాదిగవాడకు అంటగట్టి, చెప్పులను మాత్రం తొడుక్కున్నది. అప్పుడు బలవంతపు పని, ఇప్పుడు ‘సంప్రదాయ సౌందర్యం’ అంటే ఒప్పుకోవడానికి లేదు. ఉపరితలం గురించిన తెలివి మన చేతుల్లో తరాలుగా ఉంది. దాన్ని తన ఇష్టానికి వాడుకునే గంట ఇప్పుడిప్పుడే దొరుకుతున్నది. తేడా అక్కడుంది.

ఆపరేటరు బొమ్మలు ఒక తీరుగా లేవు. మంచిదాని గురించి ముందు చెప్తాను. యంత్రం వచ్చిన పెట్టె చెక్క మీద పుట్టీలో ఫెవికాల్ కలిపి పూసి, తడిగా ఉన్నప్పుడే గాయాలకు కట్టే బ్యాండేజీ బట్ట అద్దాడు. లేతు మిషను మీద రాలే ఇనుప చుట్టలు గుచ్చి ఉప్పునీళ్ళు చల్లాడు. తుప్పు తెల్లటి పుట్టీలోకి పాకుతూ వచ్చింది. కింద మూడోవంతు తారు. పెట్టె మీద ముద్రించి ఉన్న ‘ఈ వైపు పైకి’ అనే బాణం గుర్తులను కప్పకుండా, బొమ్మను మాత్రం అడ్డంగా తిప్పి పెట్టాడు. బాణాలు ఇప్పుడు పక్కకు చూస్తున్నాయి. వార్నిష్ కొడితే తుప్పు ఆగుతుంది గదా అంటే, “ఆగితే దాంట్ల ఏముంటదన్న” అన్నాడు. కాన్వాసు ఎందుకు వాడవంటే డబ్బుల ముచ్చట ఒకటి, బట్ట ఊగితే పుట్టీ పగులుతుందన్నది ఇంకొకటి. ఈ రెండో కారణం పనితనం తెలిసినోని మాట.

ఆయనదే ఇంకొక బొమ్మ ఉంది. దానికి నక్కవాగు అని పేరు పెట్టాడు. రెజిన్ పోసి, అందులో నీలం, ఊదా, బంగారు పొడి తిప్పిన మెరిసే బొమ్మ. ఫోన్లల్లో దానికే ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయి. నాకు నచ్చలేదు. ఆ మెరుపు గేటు కాలనీల డ్రాయింగు రూము నుంచి వచ్చింది. వాగు పేరు తీసేస్తే అది ఏ హోటలు గోడ మీదనైనా సరిపోతుంది. పేరే పని చేస్తున్నది, బొమ్మ చేయడం లేదు. విషం మీద ఎండ పడితే రంగులు కనపడతాయి. ఆ అందాన్నే పట్టి ఇస్తే వాగును చంపినోళ్ళకే కానుక. ఇంకో మాట కూడా చెప్పాలి. రసాయనాలు వచ్చిన సంచులు, డ్రమ్ముల రేకులు ఇంటికి తెచ్చి బొమ్మలకు వాడుతున్న పిల్లలు ఒకరిద్దరున్నారు. అవి చిన్నపిల్లలు తిరిగే ఇండ్లు. బొమ్మ ఎంత మంచిదైనా ఆ సంచి ఇంట్లోకి రావద్దు.

ఇప్పుడు మనవాళ్ళ అభ్యంతరం దగ్గరికి వస్తాను. అంబేద్కర్ జయంతికి కమ్యూనిటీ హాల్లో బొమ్మలు పెడదామని ఒక కమిటీ అనుకుంది. తుప్పు బొమ్మను చూసి, ఇందులో దళితుడేడి, బాబాసాహెబ్ ఏడి, జనానికి ఏం అర్థమైతది అని పక్కన పెట్టారు. ఆ మాట అన్నవాళ్ళు మూర్ఖులు కారు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత గోడల మీద, పోస్టర్ల మీద మనిషి ముఖం ఎందుకు అవసరమైందో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. నాగపూర్ చిత్రకారుడు సవి సావర్కర్ మెడకు ముంత, నడుముకు చీపురు కట్టిన అంటరాని మనిషిని మళ్ళీ మళ్ళీ వేశాడంటే, దేశం చూడనన్నదాన్ని చూపెట్టడానికే. 2025 జూన్ 30న పాశమైలారం మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు, అందులో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు, గేటు ముందు తమవాళ్ళ ఫొటోలు పట్టుకొని నిలబడ్డవాళ్ళకు కావాల్సింది పేరు, ముఖం, లెక్క. ఆ పని ఏ నైరూప్య చిత్రమూ చేయలేదు, చేస్తానని చెప్పుకోనూ వద్దు.

అయితే అన్ని గోడలూ పోస్టరు గోడలేనా? బొమ్మ తనంతట తానే అర్థం కావాలన్న నియమం మనది అని ఎవరన్నారు? దక్కలాయన మాదిగవాడకు జాంబపురాణం పటం తెచ్చేవాడు. చేర్యాల నకాశీలు వేసిన పటం. దాన్ని ఊరికే గోడకు తగిలించి పోలేదు. ఒక్కొక్క పట్టీ విప్పుకుంటూ, కట్టెతో చూపెట్టుకుంటూ, రాత్రంతా చెప్పేవాడు. చెప్పేటోడు లేకుంటే పటంలో మనుషులున్నా పటం మూగదే. మన దగ్గర బొమ్మకు మాట జత ఉండేది, చూసేవాళ్ళు అడిగేవాళ్ళు. ఎవరూ మాట్లాడని తెల్లగోడ గది మీద బొమ్మ ఒంటరిగా వేలాడి తనను తాను నిరూపించుకోవాలన్నది గ్యాలరీ పెట్టిన పద్ధతి. మన కమిటీ తెలవకుండానే దాన్ని పట్టుకున్నది.

గ్యాలరీ వైపు నుంచి వచ్చే అడుగు ఇంకో తీరు. మీ ప్రాంతం బొమ్మలు వేయండి, మీ బాధలు చూపెట్టండి అంటారు. పాత మెదక్ జిల్లాకు సిద్దిపేట కాపు రాజయ్య, నిజాంపూర్ లక్ష్మాగౌడ్ లాంటి పెద్ద చిత్రకారులున్నారు. వాళ్ళ పల్లె మనుషుల మీద నాకు గౌరవమే. కాని వాళ్ళ తర్వాత తెలంగాణ బొమ్మ అంటే పెద్దబొట్టు ఆడామె, మేక, తాడిచెట్టు అని బజారులో ఒక అచ్చు తయారయింది. దళితుడైతే దానికి ఇంకొంచెం కన్నీళ్ళు కలపాలి. అగ్రవర్ణం చిత్రకారుడు ఒక నల్లచుక్క పెట్టి అది విశ్వం అంటే చేతులు కట్టుకొని వినేవాళ్ళు, మన పుట్టీ పనాయన బూడిదరంగు చెక్క ముందు నిలబడి “దీని వెనక కథ ఏంటి?” అని అడుగుతారు. వివరణ ఇవ్వకుండా ఉండే హక్కు కూడా ఈ దేశంలో పుట్టుకను బట్టే వస్తున్నది.

ఇక పంచుకోవడం. ముగ్గురూ ఫోన్లల్లోనే ఎక్కువగా పంపుతారు. ఫోను గరుకును చంపుతుంది. రెజిన్ బొమ్మకు మెచ్చుకోళ్ళు రావడానికి, పుట్టీ బొమ్మను ఎవరూ పట్టించుకోకపోవడానికి సగం కారణం అదే: అద్దం మీద మెరుపు నిలుస్తుంది, బ్లేడు అంచు నిలవదు. ఇవి చేత్తో తాకాల్సిన బొమ్మలు. టీచరమ్మ తన గోనె బొమ్మలను బడి వరండాలో పిల్లల ఎత్తుకు కట్టింది, తాకొద్దని రాయలేదు. ఏడాదిలో అంచులు నూలు లేచి పోయాయి. ఆమె మళ్ళీ కుట్టింది. హాలులో పెట్టాల్సి వస్తే ఆ పద్ధతిలోనే పెట్టాలి, వేసినవాళ్ళు పక్కన ఉండాలి, అడిగినోళ్ళకు చెప్పాలి. దానం ఇస్తారా, అమ్ముతారా అన్నది వాళ్ళ ఇష్టం. మనోడే గదా అని ఉత్తగ అడగడం మాత్రం మానుకోవాలి. రెండు గంటలు ఎట్లా వచ్చాయో పైన చెప్పాను.

బొమ్మ కింద చీటీ మీద ‘మిక్స్‌డ్ మీడియా’ అని రాయడం వద్దని పుట్టీ పనాయనతో అన్నాను. మరి ఏం రాయాలె అన్నాడు. వాడినవి రాయమన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, బోర్డులు రాసిన చేయి గదా, గుండ్రటి అక్షరాల్లో రాశాడు: ప్లైవుడ్ చెక్క, పుట్టీ, రెండు ఆదివారాలు.